హిమోఫీలియా ఉన్న ఇంట్లో ఫ్లూ జ్వరం వస్తే

ప్రశ్న: మా బాబుకు 11 ఏళ్లు. తీవ్ర హిమోఫీలియా ఏ, అంటే రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 అనే ప్రోటీన్ ఒక్క శాతం కూడా లేదు. వారానికి మూడుసార్లు, సోమ, బుధ, శుక్రవారాల్లో ఇంట్లోనే ఫ్యాక్టర్ ఇచ్చుకుంటాం. పోయిన నెల ఫ్లూ వచ్చి పది రోజులు దగ్గాడు. రెండుసార్లు ముక్కులోంచి రక్తం కారింది. జ్వరం తగ్గడానికని దగ్గర్లోని డాక్టర్ పిర్రకు ఇంజెక్షన్ వేయబోతే నేను అడ్డం పడ్డాను. "డాక్టర్ మీరా, నేనా?" అని ఆయన కోప్పడ్డారు.

మా అన్నయ్యకూ ఇదే జబ్బు. 46 ఏళ్లు. బరువెక్కువ, బీపీ, షుగర్ ఉన్నాయి. ఇన్హిబిటర్ (ఎక్కించిన ఫ్యాక్టర్‌ను పనిచేయనివ్వని యాంటీబాడీ) ఉండడంతో ఎమిసిజుమాబ్ అనే ఇంజెక్షన్ తీసుకుంటున్నాడు. "కోవిడ్‌లో అందరూ రక్తం గడ్డలు కట్టే పోయారు, మనది పలచని రక్తం, మనకేం కాదు" అంటాడు. టీకా మాటెత్తితే సూది గుచ్చితే చెయ్యి వాస్తుందని భయపడతాడు. మా అత్తగారేమో ఈ పిల్లాడికి జలుబు చేసినా ప్రాణం మీదికే వస్తుందని వాణ్ణి గడప దాటనివ్వరు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి?

ఇంకోటి. నాకూ నెలసరిలో రక్తం ఎక్కువే పోతుంది. బాబుతో పాటు నాకూ జ్వరం వచ్చినప్పుడు ఫ్యాక్టర్ 8 పరీక్ష చేయించుకుంటే 62 శాతం వచ్చింది. నార్మలే అన్నారు. ఇక వదిలేయొచ్చా? చివరగా మా వాడు తన తరఫున అడగమన్నాడు: ముక్కు గట్టిగా చీదితే తప్పా?

— ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ ఇంజెక్షన్ సంగతి. మీరు అడ్డం పడి మంచి పని చేశారు. తీవ్ర హిమోఫీలియా ఉన్న పిల్లాడికి ఫ్యాక్టర్ ఇవ్వకుండా పిర్రకు సూది వేస్తే ఆ కండ లోపల గంటల తరబడి రక్తం ఊరుతూనే ఉంటుంది. పైకి మొదట ఏమీ కనిపించదు. మర్నాటికి పిల్లాడు కూర్చోలేడు, కాలు చాపలేడు. పిర్ర కండ పెద్దది కాబట్టి చాలా రక్తం అందులోనే నిలిచిపోతుంది. పక్కనే కాలికి వెళ్లే పెద్ద నరం ఉంటుంది, దాన్ని నొక్కేస్తుంది. మూడు రోజుల జ్వరానికి మూడు వారాలు మంచం పట్టాల్సి వస్తుంది. పైగా జ్వరం, ఒళ్లునొప్పులు అనగానే కండకు వేసే మందుల్లో డైక్లోఫెనాక్ ఒకటి. అది ప్లేట్‌లెట్లను మొద్దుబారుస్తుంది. అంటే ఒక చేత్తో గాయం చేసి, రెండో చేత్తో ఆ గాయాన్ని మూసేవాళ్లను నిద్రపుచ్చడం.

అయినా ఆ డాక్టరుగారి మీద కోపం పెట్టుకోకండి. హిమోఫీలియా ఏ సుమారు 5,000 మంది మగపిల్లల్లో ఒకరికి వస్తుంది. చాలామంది డాక్టర్లకు మొత్తం ప్రాక్టీసులో ఒకటో రెండో కేసులు తగులుతాయంతే. "వద్దండీ" అంటే ఎవరికైనా చిర్రెత్తుతుంది. "వీడికి ఫ్యాక్టర్ 8 లేదండీ, ఇదిగో కార్డు, కండకు ఇంజెక్షన్ వేయకూడదని మా హెమటాలజిస్టు, అదే రక్తజబ్బుల డాక్టర్, రాశారు" అంటే అదే మనిషి సూది పక్కన పెడతారు. కార్డు లేకపోతే చేయించుకోండి. జబ్బు పేరు, తీవ్రత, వాడే ఫ్యాక్టర్ పేరు, మోతాదు, వాడకూడని మందులు, మీ హిమోఫీలియా డాక్టర్ ఫోన్ నంబరు ఉంటే చాలు.

ఇక మీ అత్తగారు, అన్నగారు. ఇద్దరూ ఎదురెదురు మాటలు చెబుతున్నారు గానీ రెండూ "పలచని రక్తం" అన్న ఒక్క మాటలోంచే పుట్టాయి. మనందరం వాడే మాటే, నేనూ తొందరలో అనేస్తుంటాను. కానీ హిమోఫీలియా వాళ్ల రక్తం పలచన కాదు. మీ వాడి వేలు తెగితే ఆ క్షణాన కారే రక్తం వాడి తరగతిలో ఏ పిల్లాడికైనా కారేంతే. ప్లేట్‌లెట్లు వచ్చి అడ్డం కూర్చుంటాయి, చిన్న గీతైతే ఆగిపోతుంది కూడా. తేడా అంతా ఆ తర్వాత వస్తుంది. ప్లేట్‌లెట్లు కట్టిన ఆ కట్టను గట్టిపరచడానికి ఫైబ్రిన్ దారాలు వలలా అల్లుకోవాలి. ఫ్యాక్టర్ 8 లేకపోతే ఆ అల్లిక బలహీనంగా, ఆలస్యంగా జరుగుతుంది. కట్ట కాసేపు నిలిచి తర్వాత జారిపోతుంది. అందుకే మీ వాడికి రక్తం కీళ్లలో, కండల్లో, లోలోపల, ఆలస్యంగా కారుతుంది.

వైరస్‌తో పోరాడేవి తెల్లకణాలు, యాంటీబాడీలు. వాటిలో మీ వాడికి ఏ లోటూ లేదు. హిమోఫీలియా ఉన్నందువల్ల జలుబు ఎక్కువసార్లు రాదు, ఫ్లూ తొందరగా ఊపిరితిత్తుల్లోకి దిగదు, జ్వరం ఎక్కువ రోజులు ఉండదు. మిగతా పిల్లలకు ఎలా వచ్చి పోతుందో వాడికీ అలాగే వచ్చి పోతుంది. పోయిన నెల మీరు చూసింది కూడా అదే కదా: పది రోజులు దగ్గాడు, తగ్గాడు. ఈ మాట మీ అత్తగారికి నా మాటగా చెప్పండి. గడప దాటనివ్వకపోతే పిల్లాడి కండలు బలహీనపడతాయి, బలహీనమైన కండల మధ్య ఉన్న కీలులో రక్తం ఇంకా తేలిగ్గా కారుతుంది. ఆవిడ ప్రేమతో చేస్తున్న పని వాడి మోకాళ్లకు చేటు చేస్తుంది.

దీనికి మినహాయింపులు ఉన్నాయి, కానీ అవి హిమోఫీలియా వల్ల వచ్చినవి కావు. 1980ల నడుమ దాకా తయారైన ఫ్యాక్టర్ మందుల ద్వారా ఎంతోమందికి హెచ్ఐవీ, హెపటైటిస్ సీ సోకాయి. ఆ తరం వాళ్లలో కాలేయం దెబ్బతిన్నవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు ముదిరే ప్రమాదం ఎక్కువ. జీన్ థెరపీ (పాడైన జన్యువుకు బదులు మంచి జన్యువును ఎక్కించే చికిత్స) తర్వాత కొన్నాళ్లు స్టెరాయిడ్లు వాడేవాళ్లు కూడా అంతే. మీ అన్నగారి వయసు చూస్తే, ఎప్పుడూ చేయించుకోకపోతే హెపటైటిస్ సీ పరీక్ష ఒకసారి చేయించుకోమనండి. ఆ పాత భయంతోనే కోవిడ్ మొదలైనప్పుడు చాలామంది తల్లులు ఫ్యాక్టర్ సీసాలో ఈ వైరస్ కూడా వస్తుందేమోనని అడిగారు. రాదు. కరోనా, ఫ్లూ వైరస్‌ల చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. ఆ పొర ఉన్న వైరస్‌లను చంపేందుకే ఫ్యాక్టర్ తయారీలో వేడి, సాల్వెంట్–డిటర్జెంట్ శుద్ధి లాంటివి ఉన్నాయి.

మీ అన్నగారి మాటకు వద్దాం. అందులో ఓ పాలు నిజం ఉంది. అందుకే దానితో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. కోవిడ్ ముదిరిన రోగుల రక్తంలో, గడ్డకట్టడానికి తోడ్పడే ప్రోటీన్లయిన ఫైబ్రినోజెన్, ఫ్యాక్టర్ 8, వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ బాగా పెరిగి కనిపించాయి. గడ్డలు కరిగేటప్పుడు రక్తంలో కనిపించే డీ-డైమర్ పెరిగింది. ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాల్లో గడ్డలు కనిపించాయి. 2020లో ఆ నివేదికలు చూసినప్పుడు నాలాంటి వాళ్లకూ మీ అన్నగారి ఆలోచనే వచ్చింది: ఫ్యాక్టర్ 8 లేనివాళ్లకు ఇది మేలేమో అని.

తర్వాత వచ్చిన పరిశీలనల్లో ఆ ఆశ నిలబడలేదు. హిమోఫీలియా ఉన్నవాళ్లను అదే వయసు, అవే ఇతర జబ్బులున్న వాళ్లతో పోల్చినప్పుడు కోవిడ్ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. రక్తస్రావాలు మాత్రం, ఎవరైనా ఊహించినట్టే, ఎక్కువ. హిమోఫీలియా ఉండి కూడా కోవిడ్‌లో రక్తం గడ్డలు కట్టిన కేసులు ఉన్నాయి. ఎందుకంటే ఊపిరితిత్తులు దెబ్బతినేది గడ్డల వల్ల మాత్రమే కాదు. వైరస్ చేసే గాయం, దానికి శరీరం చేసే వాపు, గాలి గదుల్లో చేరే నీరు ఉన్నాయి. వాటిని ఏ ఫ్యాక్టర్ లోపమూ ఆపదు. రక్తనాళాల గోడ దెబ్బతింటే అందులో దాచి ఉన్న వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ బయటికొచ్చి ప్లేట్‌లెట్లను పట్టి నిలబెడుతుంది. ఆ పనికి ఫ్యాక్టర్ 8 అక్కర్లేదు.

అసలు మీ అన్నగారు ఇప్పుడు "పలచని రక్తం" మనిషే కాదు. ఎమిసిజుమాబ్ అనేది రెండు చేతులున్న యాంటీబాడీ. ఒక చేత్తో ఫ్యాక్టర్ 9ని, రెండో చేత్తో ఫ్యాక్టర్ 10ని పట్టుకుని దగ్గరికి చేరుస్తుంది. మామూలుగా ఆ పని ఫ్యాక్టర్ 8 చేస్తుంది. కాబట్టి ఆ మందు మీద ఉన్నంతకాలం ఆయన రక్తం తేలికపాటి హిమోఫీలియా వాళ్ల రక్తంలా ప్రవర్తిస్తుంది. గడ్డ కట్టడానికి అది చాలు. దాని మీద 46 ఏళ్ల వయసు, బరువు, బీపీ, షుగర్. కోవిడ్‌లో గానీ ఫ్లూలో గానీ ఎవరు ఆక్సిజన్ దాకా వెళతారో ఎక్కువగా తేల్చేవి ఇవే. హిమోఫీలియా పేరు ఆ జాబితాలో ఎక్కడో కింద ఉంటుంది. ఆయన భయపడాల్సింది షుగర్‌కి, ధైర్యం చెప్పుకుంటున్నది హిమోఫీలియాతో!

ఆయన గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ఆయన ఎప్పుడైనా ఆస్పత్రిలో చేరితే ఈ సంగతులు తెలిసిన మనిషి పక్కన ఉండాలి, ఆ మనిషి మీరే అయ్యేట్టున్నారు. ఎమిసిజుమాబ్ వాడేవాళ్లకు, రక్తం గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసే ఏపీటీటీ పరీక్ష చేస్తే నార్మల్‌గానో, నార్మల్ కంటే తక్కువ సెకన్లలోనో వస్తుంది. ఆ కాగితం చూసి ఐసీయూలో ఎవరో "గడ్డకట్టడం బ్రహ్మాండంగా ఉంది, గొట్టం వేసేయండి" అంటారు. ఆ కాగితం అబద్ధం చెబుతుంది. పరీక్ష గొట్టంలో ఆ మందు చేసే హడావుడి శరీరంలో చేసే పని కంటే చాలా ఎక్కువ. ఫ్యాక్టర్ 8 ఎంతుందో, ఇన్హిబిటర్ ఎంతుందో నిజంగా తెలియాలంటే ఆవు ప్రోటీన్లతో చేసే క్రోమోజెనిక్ పరీక్ష కావాలి. కాబట్టి చేరిన వెంటనే, అడగకముందే, "ఈయన ఎమిసిజుమాబ్ మీద ఉన్నారు" అని చెప్పాలి. కేసు షీటు మీద అందరికీ కనిపించేలా రాయమనాలి.

రెండోది, ఆయనకు రక్తస్రావం అయితే పాత అలవాటు కొద్దీ ఏపీసీసీ అనే బైపాసింగ్ మందు (ఫ్యాక్టర్ 8 అవసరం లేకుండానే రక్తాన్ని గడ్డకట్టించేది) ఎక్కించే ప్రమాదం ఉంది. ఎమిసిజుమాబ్ మీద 2017లో ప్రచురితమైన పెద్ద పరీక్షలోనే ఈ సంగతి బయటపడింది: దానితో పాటు ఏపీసీసీని రోజుకు కిలోకు 100 యూనిట్లకు మించి, ఒక రోజు కంటే ఎక్కువ ఇచ్చినప్పుడు కొందరికి సన్నటి రక్తనాళాల్లో, పెద్ద నాళాల్లో కూడా గడ్డలు కట్టాయి. కోవిడ్ లాంటి, రక్తం తనంతట తానే గడ్డకట్టడానికి మొగ్గు చూపే జబ్బులో ఆ రెండూ కలవడం ఇంకా చెడ్డది. రక్తస్రావానికి ఆయన ఏ మందు వాడాలో మీ హెమటాలజిస్టు చేత ముందే కార్డు మీద రాయించండి.

మూడోది అంతగా ఎవరూ చెప్పనిది. కోవిడ్ వచ్చిన షుగర్, బీపీ రోగులకు మొదటి ఐదు రోజుల్లో నిర్మాట్రెల్విర్, రిటోనావిర్ కలిపిన మాత్రలు ఇస్తారు. మంచి మందే. కానీ రిటోనావిర్ హెచ్ఐవీ చికిత్స రోజుల నుంచీ ఉన్న పాత మందు. ఆ తరగతి మందులు వాడిన హిమోఫీలియా రోగుల్లో కొందరికి కారణం లేకుండా కీళ్లలో, చర్మం కింద రక్తస్రావాలు కనిపించాయి, రిటోనావిర్ మందుతో వచ్చే కాగితంలో కూడా ఆ హెచ్చరిక ఉంటుంది. వాడకూడదని కాదు. వాడే ఐదు రోజులూ కీళ్ల మీద ఓ కన్నేసి ఉంచాలి. ఆయన బీపీ మాత్రలతో, కొలెస్ట్రాల్ మాత్రలతో దానికి పొసగకపోవచ్చు, ఆ జాబితా మొత్తం డాక్టర్‌కి చూపించాలి.

ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులకు డెక్సామెథసోన్ ప్రాణం నిలిపే మందని 2020లోనే తేలింది. హిమోఫీలియా ఉందని దాన్ని మానేయకూడదు. షుగర్ పెరుగుతుంది, కడుపులో పుండు పడి రక్తం కారే అవకాశం ఉంది కాబట్టి కడుపుకు రక్షణ మాత్ర జోడిస్తారు. రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ మాటకొస్తే, "హిమోఫీలియా రోగికి హెపారినా!" అని ఇంట్లోవాళ్లే గుండెలు బాదుకుంటారు. మంచాన పడి, ఆక్సిజన్ మీద ఉండి, పైనుంచి గడ్డకట్టే మందు కూడా అందుతున్న మనిషికి గడ్డలు కట్టకుండా చూడాల్సి రావచ్చు. ఇవ్వాలా వద్దా, ఎంత ఇవ్వాలి అనేది హెమటాలజిస్టు, ఐసీయూ డాక్టర్ కలిసి తేల్చుకునే విషయం. మీ పని ఆ ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకునేట్టు చూడడం.

ఇక బాబు. వైరస్ వాడికి ప్రత్యేకంగా చేసే హాని లేదన్నాను. కానీ దగ్గు చేస్తుంది. దగ్గు అంటే కడుపు కండలు, పక్కటెముకల మధ్య కండలు రోజుకు వందలసార్లు బిగుసుకోవడం. నేను చూసిన ఒక కుర్రాడికి వారం దగ్గిన తర్వాత బొడ్డు పక్కన గట్టిగా, నిమ్మకాయంత ముద్ద తేలింది. ఇంట్లో వాళ్లు గ్యాస్ అనుకున్నారు. అది కడుపు ముందు కండలో కారిన రక్తం. ఇంకో చోటు తుంటి లోపలి కండ. అక్కడ రక్తం చేరితే పిల్లాడు గజ్జలోనో, పొత్తికడుపులోనో నొప్పి అంటాడు, పడుకున్నప్పుడు తొడను కడుపు వైపు ముడుచుకునే ఉంటాడు, కాలు నిటారుగా చాపమంటే ఏడుస్తాడు. కుడివైపు అయితే అపెండిక్స్ అనుకుని పొరబడేవాళ్లూ ఉంటారు. దగ్గుతున్న రోజుల్లో రాత్రి పడుకునే ముందు ఒకసారి రెండు కాళ్లూ చాపించి చూడండి, అర నిమిషం పని.

ఇక్కడే మీ ఫ్యాక్టర్ రోజుల లెక్క పనికొస్తుంది. మామూలు ఫ్యాక్టర్ 8 రక్తంలో 8 నుంచి 12 గంటల్లో సగమైపోతుంది, పిల్లల్లో ఇంకా త్వరగా. మీరు సోమ, బుధ, శుక్రవారాలు ఇస్తున్నారు. అంటే శుక్రవారం ఇచ్చింది ఆదివారం సాయంత్రానికి దాదాపు అడుగంటుతుంది. వారంలో మీ వాడు అందరికంటే బలహీనంగా ఉండేది ఆదివారం రాత్రి. పోయిన నెల ముక్కులోంచి రక్తం కారిన ఆ రెండుసార్లూ ఏ రోజో గుర్తు చేసుకోండి. ఆదివారమో, సోమవారం పొద్దున్నో అయితే నేను ఆశ్చర్యపోను. దగ్గు బాగా ఉన్న వారం రోజులపాటు ఆ ఖాళీ రోజున కూడా ఒక డోసు వేయొచ్చా అని మీ హిమోఫీలియా సెంటర్‌కి ఫోన్ చేసి అడగండి. చాలాసార్లు వేయమనే అంటారు. జ్వరంగా ఉంది, ఒళ్లు కాలుతోంది, ఈ పూటకి ఫ్యాక్టర్ వద్దులే అనుకోవడం మాత్రం తప్పు. జ్వరం ఫ్యాక్టర్‌కి అడ్డు కాదు.

ఫ్లూలో ఒళ్లంతా నొప్పులుంటాయి, కీళ్లు కూడా లాగుతాయి. ఇది వైరస్ నొప్పా, కీలులో రక్తమా అని తల్లులు తల్లడిల్లుతారు. వైరస్ నొప్పి రెండు వైపులా ఉంటుంది, అటూ ఇటూ తిరుగుతుంది, పారాసిటమాల్ వేస్తే గంటలో తగ్గుతుంది. రక్తం చేరిన కీలు ఒక్కటే ఉంటుంది. వేడిగా, బిగుసుకున్నట్టు ఉంటుంది. పిల్లాడు దాన్ని కదపనివ్వడు. వాపు కనపడకముందే "అక్కడేదో జివ్వుమంటోంది" అంటాడు. 11 ఏళ్ల పిల్లాడికి ఆ తేడా మీకంటే బాగా తెలుసు. వాడు "ఇది అదే" అంటే నమ్మి ఫ్యాక్టర్ వేయండి. అనవసరంగా ఒక డోసు వేసినందువల్ల పోయేదేమీ లేదు.

తలనొప్పి విషయంలో మాత్రం నాకు ఓపిక లేదు. జ్వరంతో తలనొప్పి అందరికీ వస్తుంది, నిజమే. కానీ జ్వరం తగ్గినా తగ్గని తలనొప్పి, గంట గంటకూ పెరిగే తలనొప్పి, వాంతులు, మత్తుగా పడి ఉండడం, మెడ బిగుసుకోవడం, చూపు మసకబారడం, మాట తడబడడం, ఫిట్స్: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ముందు ఫ్యాక్టర్, తర్వాత ఆస్పత్రి, ఆ తర్వాత స్కాన్. స్కాన్ వచ్చాక ఫ్యాక్టర్ ఇద్దామనే ఆస్పత్రులు ఇంకా ఉన్నాయి. ఆ రెండు గంటల్లో మెదడులో కారేది తిరిగి రాదు. ఇంట్లోనే, బయల్దేరే ముందే, పెద్ద డోసు ఎంత వేయాలో మీ సెంటర్ వాళ్ల చేత ముందుగానే రాయించుకుని ఫ్యాక్టర్ పెట్టెలో ఉంచుకోండి. గొంతు, మెడ, నాలుక కింద వాపు వచ్చి మింగలేకపోయినా, గొంతు మారినా కూడా ఇదే వరస. అక్కడ చేరిన రక్తం ఊపిరి దారినే మూసేస్తుంది.

మందుల్లో జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, బరువుకు తగ్గ మోతాదులో. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ వద్దు. ఇవన్నీ మీకు తెలిసే ఉంటాయి. మోసం చేసేవి జలుబుకూ జ్వరానికీ కలిపి అమ్మే మాత్రలు, సిరప్‌లు. పైన పారాసిటమాల్ అని పెద్దక్షరాల్లో ఉంటుంది, పక్కన చిన్నక్షరాల్లో ఐబుప్రొఫెన్ ఉంటుంది. అట్ట వెనక్కి తిప్పి చదవందే ఏదీ ఇవ్వకండి. ఫ్లూ ఉన్న పిల్లలకు ఆస్పిరిన్ హిమోఫీలియా లేకపోయినా ఇవ్వకూడదు, మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీసే రేస్ సిండ్రోమ్ అనే ప్రమాదం ఉంది.

ముక్కులో పుల్ల పెట్టి తీసే స్వాబ్ పరీక్ష చేయించాల్సి వస్తే ఫ్యాక్టర్ వేసిన రోజునే చేయించండి, తీసేవాళ్లకు ముందే చెప్పండి. ముక్కులోంచి రక్తం కారితే తల వెనక్కి వాల్చొద్దు. ముందుకి వంచి కూర్చోబెట్టి, ముక్కు దూలం కింద మెత్తటి భాగాన్ని రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని గడియారం చూస్తూ పదిహేను నిమిషాలు. మధ్యలో ఆగిందా అని వేళ్లు తీసి చూశారో, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అప్పటికీ ఆగకపోతే ఫ్యాక్టర్. డాక్టర్ రాసిచ్చి ఉంటే, కట్టిన గడ్డ కరిగిపోకుండా చూసే ట్రానెక్సమిక్ యాసిడ్ కూడా. మూత్రంలో రక్తం పోతున్నప్పుడు మాత్రం అడగకుండా అది వాడకండి, అక్కడ గడ్డకట్టి దారి మూసుకుపోవచ్చు.

టీకా సంగతి. వేయించండి, ఇద్దరికీ. ఫ్లూ టీకా ఏటా, కోవిడ్ టీకా మీ డాక్టర్ చెప్పినప్పుడల్లా. "కండకు ఇంజెక్షన్ వద్దని ఇందాకేగా అన్నారు" అంటారేమో. టీకా వేయడంలో ఓ పద్ధతి ఉంది, ఆ పద్ధతి పాటిస్తే భయం లేదు. 2020 డిసెంబరులో వరల్డ్ ఫెడరేషన్ ఆఫ్ హిమోఫీలియా, మరికొన్ని సంస్థలు కలిసి కోవిడ్ టీకాల కోసం చెప్పినవి ఇవే: దొరికిన వాటిలో సన్నటి సూది, 25 నుంచి 27 గేజ్ వరకు. గుచ్చిన చోట కనీసం పది నిమిషాలు నొక్కి పట్టడం. తీవ్ర, మధ్యస్థ హిమోఫీలియా ఉన్నవాళ్లు ముందు ఫ్యాక్టర్ తీసుకుని వెళ్లడం. మీ వాడికి బుధవారం పొద్దున ఫ్యాక్టర్ ఇచ్చి ఆ వెంటనే తీసుకెళ్లండి, సరిపోతుంది. మీ అన్నగారికి అదీ అక్కర్లేదు. ఎమిసిజుమాబ్ మీద ఉన్నవాళ్లు, ఇన్హిబిటర్ ఉన్నా సరే, ఏ రోజైనా టీకా వేయించుకోవచ్చు.

నొక్కడం అంటే రుద్దడం కాదు. దూది పెట్టి, బొటనవేలితో, కదపకుండా. పది నిమిషాలు ఎంత పొడుగో నొక్కినవాళ్లకే తెలుస్తుంది, రెండో నిమిషానికే చెయ్యి లాగుతుంది. రెండు నుంచి నాలుగు గంటల తర్వాత మళ్లీ ఒకసారి తడిమి చూడండి. ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పిగా ఉండడం అందరికీ ఉండేదే. వాపు పెరుగుతుంటే, గట్టిపడుతుంటే ఫోన్ చేయాలి. సూది గుచ్చితే చెయ్యి వాస్తుందని మీ అన్నగారి భయమని రాశారు. వారాల తరబడి ఎమిసిజుమాబ్ సూదులు పొడిపించుకుంటున్న మనిషికి ఉట్టి సూదంటేనే భయమంటే నేను నమ్మలేను. చిన్నప్పుడెప్పుడో టీకా వేయించుకుని చెయ్యి వాచి ఉంటుంది. అప్పటి సూది లావు వేరు, అప్పుడు ఎవరూ పది నిమిషాలు నొక్కలేదు, అప్పుడీ మందూ లేదు. ఆ మాట ఆయనతో అనండి.

ఇప్పుడు మీ 62 శాతం. దాన్ని నమ్మకండి. ఫ్యాక్టర్ 8, వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ రెండూ ఒంట్లో వాపు, జ్వరం ఉన్నప్పుడు పెరుగుతాయి. కంగారు పడ్డా, పరుగెత్తినా, గర్భంతో ఉన్నా పెరుగుతాయి. మీ వాడికి ఆ జన్యువే పాడైంది కాబట్టి ఎంత జ్వరమొచ్చినా పెరగదు. మీకు రెండు ఎక్స్ క్రోమోజోములు ఉన్నాయి, అందులో ఒకటి బాగుంది కాబట్టి మీకు పెరుగుతుంది. జ్వరంలో 62 వచ్చిందంటే ఒంట్లో బాగున్నప్పుడు 40 కంటే తక్కువే ఉండొచ్చు. అది తేలికపాటి హిమోఫీలియా, ఆడవాళ్లలో కూడా. మీ అన్నగారికి, మీ కొడుక్కి ఉందంటే మీరు క్యారియర్ (ఆ పాడైన జన్యువును మోస్తున్నవారు) అన్నది దాదాపు ఖాయమే. దానికి నెలసరిలో అంత రక్తం పోవడం తోడైతే ఇది తేల్చుకోవాల్సిన విషయం. జ్వరం పూర్తిగా తగ్గి నెల, నెలన్నర గడిచాక, గర్భనిరోధక మాత్రల్లాంటి హార్మోన్లు వాడుతుంటే ఆ సంగతి చెప్పి, మళ్లీ చేయించుకోండి. రక్తం తీసే ముందు పావుగంట కూర్చోండి, మెట్లెక్కి ఆయాసంతో చెయ్యి చాపకండి. ఒంట్లో ఐరన్ ఎంతుందో కూడా పరీక్ష చేయించుకోండి.

వాన్ విల్లిబ్రాండ్ జబ్బు (ఆ పేరున్న ఫ్యాక్టర్ తక్కువగా ఉండడమో, సరిగా పనిచేయకపోవడమో) ఉన్న పాఠకులు ఇక్కడ ఆగి చదువుతుంటే, మీకూ ఇదే వర్తిస్తుంది. 1926లో ఎరిక్ వాన్ విల్లిబ్రాండ్ అనే ఫిన్లాండ్ డాక్టర్ మొదట వర్ణించిన ఈ జబ్బు, వంశపారంపర్యంగా వచ్చే రక్తస్రావ జబ్బుల్లో అన్నిటికంటే ఎక్కువ మందికి ఉండేది. జ్వరంలో చేసిన పరీక్ష నార్మల్ వచ్చి, "మీకేం లేదు" అని పంపించేయబడ్డవాళ్లు వీళ్లలో చాలామంది. ఈ జబ్బులో టైప్ 2బీ అనే రకం అయితే ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ప్లేట్‌లెట్లు కూడా పడిపోవచ్చు. ఒంట్లో దాచి ఉన్న ఫ్యాక్టర్లను రక్తంలోకి విడుదల చేసే డెస్మోప్రెసిన్ అనే మందు వాడేవాళ్లకు ఒక తిరకాసు ఉంది: జ్వరం వస్తే నీళ్లు బాగా తాగమంటారు, డెస్మోప్రెసిన్ వేసుకుంటే నీళ్లు తగ్గించమంటారు. రెండూ నిజమే. ఆ మందు మూత్రాన్ని బిగబట్టేస్తుంది. దాని మీద లీటర్ల కొద్దీ నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు, పిల్లలకు మరీను. జ్వరం రోజుల్లో డెస్మోప్రెసిన్ వేసుకోవాల్సి వస్తే ఆ 24 గంటలు ఎంత తాగాలో డాక్టర్‌ని అంకెల్లో అడగండి.

ఇన్ఫెక్షన్ తర్వాత పరీక్షలు ఇంకో రకంగానూ పక్కదారి పట్టిస్తాయి. కొందరు పిల్లలకు వైరల్ జ్వరం తర్వాత కొన్ని వారాలపాటు లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అనే యాంటీబాడీ పుడుతుంది. ఏపీటీటీ పొడుగ్గా వస్తుంది, ఎవరో హిమోఫీలియా అంటారు, ఇంట్లో ఏడుపులు. చాలావరకు దానంతటదే పోతుంది.

ఇక మీ వాడి ప్రశ్న. బాబూ, ముక్కు చీదొచ్చు, కానీ రెండు రంధ్రాలూ ఒకేసారి మూసి బలమంతా పెట్టకూడదు. ఒకటి మెల్లగా మూసి రెండోదాంట్లోంచి, నోరు కాస్త తెరిచి, అంతే. తుమ్ము వస్తే ముక్కు పట్టుకుని ఆపొద్దు, నోరు తెరిచి గట్టిగా తుమ్మెయ్, మోచేయి అడ్డం పెట్టుకుని. ముక్కులోంచి రక్తం వచ్చి ఆగిన తర్వాత ఒక రోజంతా చీదొద్దు, లోపల ఎండిన చెక్కును గోటితో లాగొద్దు. సెలైన్ చుక్కలు వేసుకుంటే అదే మెత్తబడి రాలిపోతుంది.